కుట్ర కేసు ఏ ఊరి కోర్టుకు వెళ్తుంది? తేల్చుకోవడం ఎలా

మన దేశంలో కుట్ర కేసులకు ఎక్కువగా ఊరి పేర్లే ఉంటాయి, గమనించారా? కాన్పూరు కుట్ర కేసు, లాహోర్ కుట్ర కేసు, మీరట్ కుట్ర కేసు, మనవైపు పార్వతీపురం కుట్ర కేసు, సికింద్రాబాద్ కుట్ర కేసు. ఊరు తేలిందంటే చాలా సంగతులు దాని వెంటే తేలిపోతాయి. ఏ పోలీసులు వస్తారు, ఏ వకీలును పెట్టుకోవాలి, వాయిదాకు ఎన్ని గంటలు రైలెక్కాలి, సాక్షులు వస్తారా రారా, అన్నీ.

మీరట్ సంగతే చూడండి. 1929 మార్చిలో బొంబాయి, కలకత్తా, పంజాబ్ ఇలా నలుమూలల నుంచి 31 మందిని పట్టుకొచ్చి అక్కడ విచారణ మొదలుపెట్టారు. వాళ్లలో చాలామందికి మీరట్‌తో చెప్పుకోదగ్గ సంబంధమే లేదు. 1928 అక్టోబరులో అక్కడ కార్మిక కర్షక పార్టీ సభ ఒకటి జరిగింది, దాన్ని పట్టుకున్నారు. అసలు సంగతేమిటంటే బొంబాయిలోనో కలకత్తాలోనో కేసు పెడితే జ్యూరీ ముందు నడపాలి, మీరట్‌లో ఆ బెడద లేదు. తీర్పు 1933 జనవరిలో వచ్చింది. దాదాపు నాలుగేళ్లు ఆ మనుషులు తమది కాని ఊళ్లో జైల్లో గడిపారు. అందుకే ఈ విషయం తేలిగ్గా తీసుకునేది కాదని పదేపదే చెబుతాను.

ఇప్పుడు మన రోజులకు వద్దాం. మీ మీద కుట్ర కేసు పడినా, మీరే ఒకరి మీద పెట్టాలనుకున్నా, మొదట చేయాల్సిన పని ఒక్కటే. ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టుకుని నాలుగు గళ్లు గీయండి. ఎక్కడ మాట్లాడుకున్నారు, ఎక్కడ పని చేశారు, డబ్బో వస్తువో ఎక్కడ చేతులు మారింది, దెబ్బ ఎక్కడ తగిలింది. ప్రతి గడిలో ఊరు, తేదీ, దానికి ఆధారం ఏముందో రాయండి. కాల్ రికార్డు, బ్యాంకు బ్రాంచి పేరు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, కొరియర్ రసీదు, లాడ్జి బిల్లు, ఏదైనా సరే. సెక్షన్లు ఆ తర్వాత చూడొచ్చు. ఈ కాగితం లేకుండా వకీలు దగ్గరికి వెళ్తే మొదటి గంటంతా ఇది రాయడానికే సరిపోతుంది.

మొదటి గడి ఎందుకంత ముఖ్యమో చెబుతాను. కుట్ర అంటే మనం రహస్యంగా పన్నాగం పన్నడం అనుకుంటాం, చట్టానికి అంత నాటకం అక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 61వ సెక్షన్ ప్రకారం ఇద్దరో అంతకంటే ఎక్కువమందో కలిసి నేరం చేద్దామని ఒప్పుకుంటే చాలు, ఆ ఒప్పుకోవడమే నేరం. ఆ తర్వాత ఏమీ చేయకపోయినా సరే. నేరం కాని పనిని అక్రమ పద్ధతిలో చేద్దామని ఒప్పుకున్నప్పుడు మాత్రం ఒప్పందంతో పాటు ఏదో ఒక పని జరిగి ఉండాలి. 2024 జులై 1కి ముందు జరిగిన వాటికి పాత ఐపీసీ 120ఎ, 120బి వర్తిస్తాయి, సారం అదే. అంటే, విజయవాడలో ఒక హోటల్ గదిలో కూర్చుని హైదరాబాద్‌లో ఫలానా నేరం చేద్దామని ఒప్పుకుంటే, హైదరాబాద్‌లో ఏమీ జరగకపోయినా విజయవాడ కోర్టుకు పరిధి, అంటే కేసు విచారించే అధికారం, వచ్చేసినట్టే.

ఇక పరిధి సెక్షన్లు. నేర విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్ష సంహితనే బీఎన్‌ఎస్‌ఎస్ అంటారు, దానికి ముందున్నది సీఆర్‌పీసీ. ఇక్కడి నుంచి 61 తప్ప, చట్టం పేరు లేకుండా చెప్పే నంబర్లన్నీ బీఎన్‌ఎస్‌ఎస్‌వే. బీఎన్‌ఎస్‌ఎస్‌లో 197 నుంచి 209 వరకు ఉన్నాయి, పాత సీఆర్‌పీసీలో 177 నుంచి 189. అన్నీ బట్టీ పట్టనక్కర్లేదు, కుట్ర కేసులో తరచూ తగిలేవి నాలుగైదు. 197 మామూలు సూత్రం, నేరం ఎక్కడ జరిగితే అక్కడి కోర్టు. 198 నేరం కొంత ఇక్కడా కొంత అక్కడా జరిగినప్పుడు, లేదా ఒక ఊళ్లో మొదలై ఇంకో ఊళ్లో సాగుతూ ఉన్నప్పుడు, ఆ ఊళ్లలో ఏ కోర్టయినా విచారించొచ్చు అంటుంది. 199 పని ఒకచోట జరిగి ఫలితం ఇంకోచోట పడితే రెండు చోట్లా కుదురుతుంది అంటుంది. 202 మోసానికి సంబంధించింది, ఫోన్లోనో మెసేజ్‌లోనో ఉత్తరంలోనో మోసం చేస్తే అది పంపిన చోటా, అందిన చోటా, డబ్బు ఇచ్చిన చోటా, పుచ్చుకున్న చోటా కేసు నడుస్తుంది. అన్నిటికంటే నిశ్శబ్దంగా పనిచేసేది 204. కలిపి విచారించదగ్గ నేరాలు కొన్ని ఉంటే, వాటిలో ఒక్కదానికి పరిధి ఉన్న కోర్టు మిగతావాటినీ విచారించొచ్చు. కుట్ర కేసులు ఇంత దూరం పాకడానికి కారణం ఈ సెక్షనే.

దీని మీద సుప్రీంకోర్టు 1961లోనే గట్టిగా చెప్పింది, పురుషోత్తమ్ దాస్ దాల్మియా కేసులో. కుట్ర కలకత్తాలో జరిగిందని ఆరోపణ, దాన్ని అమలు చేస్తూ చేసిన కొన్ని నేరాలు కలకత్తా బయట. కుట్రను విచారించే పరిధి ఉన్న కోర్టుకు, ఆ కుట్రను అనుసరించి బయట జరిగిన నేరాలను కూడా విచారించే అధికారం ఉంటుందని తేల్చారు. అదే ఏడాది ఎల్.ఎన్. ముఖర్జీ కేసులో మద్రాసు కోర్టు విషయంలోనూ అదే మాట. అప్పటి నుంచి ఇది స్థిరపడిన సూత్రం, దీన్ని పక్కనపెట్టి వాదించబోతే మొదటి వాయిదాలోనే పీపీ (ప్రభుత్వ వకీలు) ఆ రెండు తీర్పులూ బల్లమీద పెడతారు.

కొంతకాలం కిందట ఒక సాయంత్రం ఆఫీసు మూసే వేళకు ఒక కుర్రాడు, వాళ్ల నాన్న వచ్చారు. ఖమ్మం దగ్గర పల్లె. కుర్రాడు డిగ్రీ చివరి ఏడాది. రాజస్థాన్ పోలీసుల నుంచి వాట్సాప్‌లో నోటీసు, బీఎన్‌ఎస్ 318(4) అంటే మోసం, దాని పక్కనే 61(2), అంటే కుట్ర. జరిగిందేమిటంటే, హాస్టల్లో పరిచయమైనవాడు అడిగాడని తన బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, ఆ నంబరున్న సిమ్ము ఐదు వేలకు ఇచ్చేశాడు. ఆ ఖాతాలోకి ఎవరో మోసపోయినవాళ్ల డబ్బు వచ్చి గంటలో వెళ్లిపోయింది. వాళ్ల నాన్న మడతలు పెట్టిన పాస్‌బుక్కును రెండు చేతులతో పట్టుకుని, "సార్, వీడు ఎన్నడూ రాజస్థాన్ పోలేదు, ఆ కోర్టోళ్లకు ఏం సంబంధం?" అని అడిగాడు. చాలామంది అడిగే ప్రశ్న అదే, న్యాయంగా కూడా అనిపిస్తుంది.

ఆ కాగితం గీశాం. డబ్బు చేరింది ఖమ్మం బ్రాంచిలో, కాబట్టి ఖమ్మం కోర్టుకు పరిధి ఉంది. కానీ ఫోన్ అందుకున్నది, నమ్మి డబ్బు పంపింది, నష్టపోయింది రాజస్థాన్‌లో. 199 ప్రకారమూ 202 ప్రకారమూ అక్కడి కోర్టుకూ పరిధి ఉంది. "మనిషి అక్కడికి వెళ్లలేదు" అన్నది వాదన కాదు. 1957లోనే ముబారక్ అలీ అహ్మద్ కేసులో కరాచీలో కూర్చుని ఉత్తరాలతో, టెలిగ్రాములతో బియ్యం ఇస్తానని బొంబాయిలో ఒకరిని మోసం చేసిన మనిషి విషయంలో, అతను బొంబాయిలో అడుగు పెట్టకపోయినా నేరం బొంబాయిలో జరిగినట్టేనని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ తండ్రికి పరిధి మీద డబ్బు ఖర్చుపెట్టొద్దని నేరుగా చెప్పాను. పోరాడాల్సింది వేరేచోట, అసలు వాడికి ఆ మోసం గురించి తెలుసా, ఒప్పుకున్నాడా అనే దగ్గర. ఖాతా ఇవ్వడం తప్పే, కానీ తెలియకుండా ఇచ్చినవాడు కుట్రదారు ఎలా అవుతాడు?

అరెస్టు టెన్షన్ ఉంది కాబట్టి ట్రాన్సిట్ ముందస్తు బెయిల్ వేశాం. ఎఫ్‌ఐఆర్ వేరే రాష్ట్రంలో ఉన్నా, మీరున్న చోటి సెషన్స్ కోర్టో హైకోర్టో కొద్ది రోజులకు మధ్యంతర రక్షణ ఇవ్వొచ్చని 2023 నవంబరులో ప్రియా ఇండోరియా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఊరికే ఇవ్వరు. అవతలి దర్యాప్తు అధికారికి, అక్కడి పీపీకి నోటీసు వెళ్లాలి, వెంటనే అక్కడికి ఎందుకు వెళ్లలేకపోతున్నారో నమ్మేలా చెప్పాలి, మీరు నిజంగా ఈ ప్రాంతంలో ఉంటున్నవాళ్లయి ఉండాలి. ఆ కొద్ది రోజుల్లో అక్కడి కోర్టులో అసలు బెయిల్ పిటిషన్ వేసుకోవాలి.

నోటీసు వస్తే ముందు ఏ సెక్షన్ కింద వచ్చిందో చూడండి, ఈ ఒక్క అలవాటు చాలా ఇబ్బందులు తప్పిస్తుంది. 35(3) అయితే మిమ్మల్ని అనుమానితుడిగా పిలుస్తున్నట్టు, వెళ్లకపోతే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు. 179 అయితే సాక్షిగా. 179 కింద పోలీసు అధికారి తన స్టేషన్ పరిధిలోనో పక్క స్టేషన్ పరిధిలోనో ఉన్నవాళ్లనే రమ్మనగలడు. ఆడవాళ్లను, అరవై దాటిన మగవాళ్లను, పదిహేనేళ్లలోపు మగపిల్లలను, వికలాంగులను, తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్లను ఇంటి దగ్గరే అడగాలి. వెయ్యి కిలోమీటర్ల అవతలి స్టేషన్‌కు సాక్షిగా రమ్మని 179 కింద కాగితం వస్తే మర్యాదగా, రాతపూర్వకంగా ఈ సంగతి చెబుతూ జవాబివ్వండి. జవాబివ్వకుండా ఊరుకోవడం మాత్రం వద్దు.

ఇప్పుడు ఫిర్యాదు చేసేవాళ్ల వైపు. మా పరిధి కాదు, అవతలి స్టేషన్‌కు వెళ్లండి అని పంపించేస్తే తిరిగి రాకండి. బీఎన్‌ఎస్‌ఎస్ 173లో నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలని ఇప్పుడు చట్టంలోనే రాసి ఉంది, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. అంతకుముందే 1999లో సత్వీందర్ కౌర్ కేసులో, దర్యాప్తు దశలో పరిధి లేదని ఎఫ్‌ఐఆర్ కొట్టేయడం సరికాదని, దర్యాప్తులో నేరం వేరేచోట జరిగిందని తేలితే అక్కడికి పంపాలని సుప్రీంకోర్టు చెప్పింది. సైబర్ మోసమైతే ఏ స్టేషనా అని ఆలోచిస్తూ కూర్చోకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు ఆగాలంటే ఆ మొదటి గంటే కీలకం.

స్టేషన్ ఎక్కడైనా పర్లేదు, కోర్టు మాత్రం జాగ్రత్తగా ఎంచుకోవాలి. రెండు మూడు ఊళ్లకు పరిధి ఉంటే, సాక్షులూ కాగితాలూ ఎక్కువ ఎక్కడున్నాయో అక్కడే పెట్టండి. అవతలివాణ్ని తిప్పాలని దూరపు ఊళ్లో పెట్టేవాళ్లను చూశాను, చివరికి వాళ్ల సాక్షులే రారు. నేను చూసిన ఒక భూమి కేసులో అగ్రిమెంటు గుంటూరులో, రిజిస్ట్రేషన్ గుంటూరులో, డబ్బులు ఇచ్చింది గుంటూరులో. ఫిర్యాది మాత్రం మూడు జిల్లాల అవతల, తన చుట్టాలున్న ఊళ్లో ప్రైవేటు కంప్లైంటు (పోలీసుల ద్వారా కాకుండా నేరుగా కోర్టులో ఇచ్చే ఫిర్యాదు) వేశాడు. ఆ ఊరిని తగిలించడానికి ఉన్నది ఒకే ఒక వాక్యం: "నిందితులందరూ కలిసి కుట్ర పన్నిరి." ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరు, ఏమీ లేదు. మేజిస్ట్రేట్ ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, ఇది ఏ ఊళ్లో జరిగిందయ్యా అని అడిగారు. ఫిర్యాది వకీలు దగ్గర జవాబు లేదు. 224 కింద సరైన కోర్టులో వేసుకొమ్మని కంప్లైంటు తిరిగి ఇచ్చేశారు.

ఈ కేసు ఎందుకు చెప్పానంటే, కుట్ర సెక్షన్‌ను కొక్కెంలా వాడుతుంటారు. మిగతా నేరాలేవీ ఆ ఊళ్లో జరగలేదు, 61 తగిలిస్తే 204 ద్వారా అన్నీ అక్కడికి వచ్చేస్తాయి. కాబట్టి నిందితుల తరఫున చూసేటప్పుడు కొక్కెం గట్టిదా కాదా అన్నదే చూడాలి. మొదటి దశలో కోర్టు ఆరోపణనే చూస్తుంది, రుజువును కాదు. 1960లో కదిరి కున్హహమ్మద్ కేసు తీర్పు ప్రకారం, కుట్ర ఆరోపణ చివరికి నిలవకపోయినంత మాత్రాన అన్నీ కలిపి చేసిన విచారణ చెల్లకుండా పోదు. కాబట్టి "చివర్లో కుట్ర కొట్టేస్తారు, అప్పుడు పరిధి కూడా పోతుంది" అని నమ్ముకోకండి. ఛార్జిషీటులో ఆ ఊళ్లో ఒప్పందం జరిగినట్టు ఏ వాంగ్మూలం చెబుతోంది, ఏ కాల్ రికార్డు చూపిస్తోంది, ఆ ఊరి పేరు అసలు ఎన్నో పేజీలో వస్తుంది, ఇవి మొదట్లోనే వేలుపెట్టి చూపించాలి.

మొదట్లోనే అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే 508 అనే సెక్షన్ ఉంది. తప్పు జిల్లాలో, తప్పు సెషన్స్ డివిజన్‌లో విచారణ జరిగిందన్న ఒక్క కారణంతో తీర్పును కొట్టేయరు, దానివల్ల నిజంగా న్యాయం దెబ్బతిన్నదని చూపిస్తే తప్ప. ఐదేళ్లు వాయిదాలు తిరిగి, శిక్ష పడ్డాక, అప్పీలులో పరిధి గురించి మాట్లాడితే దాదాపు ఫలితం ఉండదు. ఎక్కడ లేవనెత్తాలన్నదానికి 2020లో కౌశిక్ ఛటర్జీ కేసులో జవాబు దొరుకుతుంది. ఆ అభ్యంతరం విచారించే కోర్టు ముందే చెప్పుకోవాలి, పరిధి ఉందా లేదా అన్నది సాక్ష్యంతో తేలే వాస్తవాల మీద ఆధారపడుతుంది, ట్రాన్స్‌ఫర్ పిటిషన్‌లో తేలేది కాదు అన్నారు. కాబట్టి హాజరైన వెంటనే మెమో రూపంలోనైనా అభ్యంతరం రికార్డులోకి ఎక్కించండి. ఆరోపణలు చదివితేనే ఆ ఊరికి సంబంధం లేదని తెలిసిపోయేంత తేటగా ఉంటే కేసు కొట్టేయమని హైకోర్టుకు 528 కింద వెళ్లొచ్చు.

అదే అదనుగా ఇంకొకటి చూసుకోండి. కుట్ర దేని కోసమో ఆ నేరానికి ఉరి, యావజ్జీవం, రెండేళ్లు లేదా అంతకుమించి కఠిన శిక్ష లేకపోతే, రాష్ట్ర ప్రభుత్వమో జిల్లా మేజిస్ట్రేటో రాతపూర్వకంగా ఒప్పుకోకుండా కోర్టు కాగ్నిజెన్స్ తీసుకోకూడదు, అంటే కేసును విచారణకు స్వీకరించకూడదు, 217(2). చిన్న కుట్ర కేసుల్లో ఈ కాగితం లేకుండానే ఛార్జిషీటు వేసేస్తుంటారు.

పరిధి ఉండటం వేరు, ఆ ఊరు మీకు అన్యాయం కావడం వేరు. పరిధి ఉన్నా ప్రాణభయమో, సాక్షులందరూ వేరేచోట ఉండటమో లాంటి కారణాలుంటే కేసు మార్చమని అడగొచ్చు. ఒకే రాష్ట్రంలో అయితే హైకోర్టు, 447. రెండు రాష్ట్రాల మధ్య అయితే సుప్రీంకోర్టే, 446. మనవాళ్లు ఇక్కడ పొరబడుతుంటారు. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరు హైకోర్టులు. నందిగామ కోర్టు నుంచి కోదాడ కోర్టుకు మార్చాలన్నా ఢిల్లీ వెళ్లాల్సిందే. ఒకే నేరాన్ని రెండు కోర్టులు చేపట్టినప్పుడు ఏది నడపాలన్నది 206 చెబుతుంది. రెండూ ఒకే హైకోర్టు కింద ఉంటే ఆ హైకోర్టు, లేకపోతే మొదట కేసు మొదలైన చోటి హైకోర్టు తేలుస్తుంది.

విదేశం తగిలినప్పుడు లెక్క మారుతుంది. భారత పౌరుడు బయటి దేశంలో చేసిన నేరానికి ఇక్కడ విచారణ జరగాలంటే 208 ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. కానీ కుట్రలో కొంత భాగం ఇక్కడ జరిగితే? 1993లో అజయ్ అగర్వాల్ కేసులో నిందితుడు దుబాయ్‌లో ఉన్నాడు, మోసపోయింది చండీగఢ్‌లోని బ్యాంకు. కుట్ర సాగుతూ ఉండే నేరం, అందులో భాగం చండీగఢ్‌లోనే జరిగింది, కాబట్టి అనుమతి అక్కర్లేదన్నారు. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన తోట వెంకటేశ్వర్లు కేసులో మాత్రం, 2011లో, బోట్స్‌వానాలో జరిగిన వేధింపుల ఆరోపణలకు కాగ్నిజెన్స్ దాటి ముందుకు పోవాలంటే అనుమతి ఉండాలని, ఇక్కడ జరిగిన కట్నం సంగతులకు అక్కర్లేదని విడదీశారు. అందుకే మీ కాగితం మీద దేశం పేరు కూడా రాయమంటాను.

26/11 చూస్తే ఇదంతా ఒకేచోట కనిపిస్తుంది. దాడి జరిగింది ముంబయిలో, కసబ్ విచారణ ముంబయిలోనే. కుట్ర కోణంలో ఎన్‌ఐఏ 2009లో ఢిల్లీలో కేసు కట్టింది, 2025 ఏప్రిల్‌లో అమెరికా నుంచి తెచ్చిన తహవ్వుర్ రాణాను ఢిల్లీ కోర్టులోనే హాజరుపరిచారు. ఆ దాడికి ముందు ముంబయిలో రెక్కీ చేసిన హెడ్లీ కేసు షికాగోలో నడిచింది. మూడూ ఒకే ఘటన చుట్టూ, మూడూ వేర్వేరు చోట్ల.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి సూత్రం ఇంకా విశాలమని గుర్తుపెట్టుకోవాలి. ఫెడరల్ కుట్ర కేసులో ఒప్పందం కుదిరిన జిల్లాలో గానీ, కుట్రదారుల్లో ఏ ఒక్కరైనా దాని కోసం ఏదైనా చేసిన జిల్లాలో గానీ కేసు పెట్టొచ్చు, 1912 నాటి హైడ్ కేసు నుంచీ అంతే. 2019 జనవరి చివర ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అధికారులే నడిపిన బూటకపు కాలేజీ వ్యవహారంలో ఎనిమిది మందిని వేర్వేరు రాష్ట్రాల్లో పట్టుకున్నారు, ఎక్కువమంది తెలుగువాళ్లే, కేసు మాత్రం డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో. అక్కడ తప్పు జిల్లాలో విచారణ జరిగిందని గెలిచినా కేసు పోదు, మళ్లీ విచారణ చేయొచ్చని 2023లో స్మిత్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ ఖమ్మం కుర్రాడి కేసు ఇంకా నడుస్తోంది. నెలకో రెండు నెలలకో వాయిదా, తండ్రీకొడుకులు రైల్లో వెళ్లొస్తున్నారు. ప్రతి వాయిదాకూ స్వయంగా రాలేమని హాజరు మినహాయింపు పిటిషన్ వేయించాం, వీడియో ద్వారా హాజరు కానివ్వమని కూడా అడిగాం. మీకూ దూరపు కోర్టు తప్పదని తేలితే, బెయిల్ వచ్చిన వారంలోనే ఆ రెండు పిటిషన్లు అక్కడి వకీలుతో వేయించుకోండి.